సగం మూత మందు

“పారెయ్యత్తా ఆ సీసాను! ఆరేండ్లాయె, ఇంకా యాల దాసిపెట్టుకోనుండావు?”

“యాల పారెయ్యల్ల? గాజు సీసా. మూత గట్టిగుండాది. ఆముదం పోసుకుంటే ఇంకో పదేండ్లు వస్తాది.”

“ఈ ఇంట్లో సీసాలకు కరువా? నిన్నగూడా నాలుగు తోమి బోర్లించినా.”

“కొన్న వస్తువును ఊరికే పారేసే వంశం కాదు మాది.”

“నీ వంశం సంగతి నాకు తెలీదా! దండం పెడతానత్తా. ఆ సీసా కండ్లబడితే నా చేతులే నాకు అసయ్యం. నా బిడ్డకు నా చేతుల్తోనే...”

మొన్న ఆదివారం పొద్దున వంటింటి గూడు దులుపుతూ నా కోడలు రేవతి నాతో పడిన జగడం ఇది. చింతపండు జాడీ వెనక నుంచి పాత మందు సీసా బయటపడింది. ఆమె చివరి మాట మింగేసి, చీపురు అక్కడే వదిలి పెరట్లోకి పోయింది. నేను సీసా మూత తిప్పాను. లోపలి మందు ఎండిపోయి అడుగున బంక మాదిరి పట్టుకుని ఉంది. వాసన మాత్రం పోలేదు. పైకి నారింజ పిప్పరమెంటు వాసన, దాని కింద చేదు. అది ముక్కుకు తగలగానే నాకు జుబేదా డాక్టరమ్మ కళ్లముందుకు వచ్చింది. స్టూలు కోసం అటూ ఇటూ వెతుక్కునే ఆమె చెయ్యి ముందు కనిపించింది, మొగం తర్వాత.

ఆమె మదనపల్లెలో పిల్లల డాక్టరు. పిల్లల వైద్యం నేర్చుకోవడానికి వచ్చే కుర్ర డాక్టర్లకు పంతులమ్మ కూడా. పోయిన వానాకాలంలో కాలం చేసింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారట. “అవ్వా, నువ్వు గూడా నాలుగు మాటలు రాయల్ల” అని వాళ్లలో ఒకడైన కార్తీక్ డాక్టరు ఫోన్ చేశాడు. నా చదువు మూడో తరగతి. ఆ పైన మా నాయన బర్రెల వెంట పంపించాడు. బస్సు బోర్డు చదువుకోవడానికి, ఉత్తరం కూడబలుక్కోవడానికి చాలిన చదువు. ఒత్తులు తప్పుపోతే నువ్వే దిద్దుకో అని అతనికి చెప్పి, వర్షిత పాత నోటుబుక్కులో మిగిలిన తెల్ల కాగితాలు చించుకుని కూర్చున్నాను. ఆమె మంచితనం గురించి నలుగురూ రాస్తారు. నేను మాత్రం ఆమె దగ్గరికి నా సిగ్గు గుండానే పోవాలి. నాకు వేరే దోవ లేదు.

మాది పుంగనూరు పక్కన చిన్న పల్లె. నా కొడుకు రమణ టమాటా లారీ తోలుతాడు. వాడి కూతురు వర్షిత. దానికి మూడో ఏడు నడుస్తున్నప్పుడు ఒకరోజు ఉన్నట్టుండి కళ్లు పైకి తేలేసి, చేతులూ కాళ్లూ కొట్టుకుంది. ఫిట్సు అన్నారు. పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత మందు పోయాలి, మేము చెప్పేదాకా ఆపకూడదు అన్నారు. రేవతి అప్పట్లో పొద్దున్నే పుంగనూరులో బట్టలు కుట్టే పనికి పోయేది. కాబట్టి పొద్దుటి మూత నాది, సాయంత్రం మూత తనది.

నా పొదుపు మా ఊళ్లో అందరూ ఎరిగిందే. సబ్బు అరిగి రేకయిపోతే కొత్త సబ్బుకు అంటిస్తాను. కాఫీ పొడి రెండోసారి కాచేదాకా పారబోయను. చిన్నప్పుడు కరువు నేర్పిన చేతులు ఇవి. ఏ వస్తువునైనా అంచు దాకా పోయాలంటే ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. రెండు నెలలు గడిచాయి, బిడ్డకు ఫిట్సు రాలేదు. ఆడుతోంది, తింటోంది. ఆడుకునే బిడ్డకు ఇంత మందెందుకు అనిపించింది. మందు తాగితే పొద్దంతా తూగుతుందని ఒక సాకు కూడా దొరికింది. ఒకరోజు సగం మూత పోశాను. ఏమీ కాలేదు. మర్నాడూ సగమే. ఆ తర్వాత నా చేతికి సగమే కొలత అయిపోయింది.

“ఈ తూరి సీసా బాగా వచ్చిందే అత్తా! ఇంకా ఇంత మిగిలుండాది” అంది రేవతి ఒకనాడు సీసాను వెలుతురుకు పట్టి.

“ఒలకనియ్యకుండా పోస్తాండా కదా” అన్నాను.

“నీ మాదిరి జాగ్రత్త నాకెప్పుడొస్తాదో” అని నవ్వింది. ఆ మెప్పు నేను తీసుకున్నాను. సంతోషంగానే తీసుకున్నాను.

ఆ నెలలోనే ఒక పొద్దున వాకిట్లో సంగటి తింటూ తింటూ బిడ్డ పక్కకు ఒరిగిపోయింది. ఫిట్సు వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మా పెద్దలు చెప్పేవాళ్లు. నడుముకున్న తాళాల గుత్తి పెరికి బిడ్డ పిడికిట్లో కుక్కాను. ఆటోలో పుంగనూరు, అక్కడి నుంచి మదనపల్లె. దోవ పొడుగునా ఆ పిడికిలిని నా రెండు చేతులతో మూసి పట్టుకున్నాను. ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టినప్పుడు కూడా తాళాలు దాని చేతిలోనే ఉన్నాయి. రేవతి పని నుంచి నేరుగా వచ్చింది. జాకెట్టు మీద ఇంకా దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి.

మంచం కాళ్ల దగ్గర ఒక కుర్ర డాక్టరు నిలబడ్డాడు. కార్తీక్ అతనే. చేతిలో కాగితాల అట్ట, చూపు దాని మీదే.

“ఇదేంది అవ్వా తాళాలు? బండి స్టార్ట్ చేసేకా?” అన్నాడు. వెనక ఉన్న ఇద్దరు నవ్వారు. నేను తాళాలు తీసి కొంగులో దోపుకున్నాను. అప్పుడే నా నోరు కూడా మూతపడిందనుకుంటాను.

“మందు రోజూ పోస్తాండారా?”

“పోస్తాండాము.”

“కరెక్టుగా పోస్తాండారా? పోసేదెవరు?”

“తల్లి” అన్నాను.

రేవతి తలెత్తి నా వైపు చూసింది. “పొద్దున పూట అత్త...” అని ఏదో అనబోయింది. నేను ఆమెను చూశాను. నా చూపు ఎట్లాంటిదో నాకు తెలుసు. ఆ చూపుతో నేను ఇంటిని ఏలాను. ఆమె తల దించుకుని, “నేనే సార్. మూత మీద రెండు గీతలుండాయి. ఏదన్నా పొరపాటు చూసినానేమో” అంది.

“చదువుకున్నావా?”

“టెన్తు సార్.”

“టెన్తు చదివి మూత మీద గీత చూసేకి రాదా?”

సాయంత్రం లారీ దిగి వచ్చిన నా కొడుకు అదే మాట వరండాలో అందరి ముందూ అరిచి అన్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను. వాడు అరవడం అయిపోయాక, “పోనీలేరా, పిల్లది, తెలీక చేసింది” అన్నాను. ఈ మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అబద్ధం భయంతో చెప్పానని అనుకోవచ్చు. కానీ ఆ పైన ఆమెను క్షమించినట్టు మాట్లాడానే, అది భయం కాదు.

మర్నాడు మధ్యాహ్నం రేవతి టీ కోసం కిందికి పోయినప్పుడు జుబేదా డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, నెరిసిన జుట్టు, తలమీద పలుచని ముసుగు. రాగానే చేత్తో వెతికి పక్క మంచం కింద నుంచి స్టూలు లాక్కుని కూర్చుంది. నా కళ్లూ ఆమె కళ్లూ ఒకే ఎత్తులోకి వచ్చాయి. పెద్ద డాక్టర్లు కూర్చుంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

“ఆ తాళాలు యాడమ్మా?” అంది.

మళ్లీ నవ్వడానికనుకుని కొంగు బిగించాను.

“మా యమ్మ గూడా మా తమ్మునికి పెట్టేది. బిడ్డ కొట్టుకుంటాంటే ఏమీ చెయ్యకుండా ఎట్ల నిలబడతామమ్మా? చేతికి దొరికింది పెడతాము. ఈ తూరి వస్తే తాళాలు పెట్టే చేతులతోనే బిడ్డను పక్కకు తిప్పి పండుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. టైము చూసుకోండి. సరేనా?”

సరేనన్నాను. ఆమె మంచం పక్కనున్న సీసాను చేతిలోకి తీసుకుంది. అది రేవతి ఇంటి నుంచి తెప్పించిన సీసా. కాసేపు దాన్ని చూసింది.

“ఇంత చిన్న బిడ్డకు ఇంత మందు పోయల్లంటే గుండె గుబుక్కుమంటాది కదమ్మా? నా బిడ్డకు పోసేటప్పుడు నాకే చెయ్యి వణికేది. డాక్టర్ని, నాకే.”

ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు. లేవలేదు. గడియారం చూడలేదు. ఊరికే కూర్చుంది. నేను బిడ్డ దుప్పటి సర్దాను. మళ్లీ సర్దాను. ఇంక సర్దడానికి ఏమీ లేకపోయింది.

“సగం పోసినానమ్మా” అన్నాను. “పొద్దున పూట. రోజూ.”

ఆమె మొగంలో ఏమీ మారలేదు. “చెప్పినందుకు మీకు దండమమ్మా” అంది. “మా పిల్లోళ్లు బిడ్డకు ఇంకో మందు, ఇంకా గట్టిది, మొదలుపెట్టాలని రాసిపెట్టినారు. గీత రవంత తప్పినా అంత తేడా రాదు, ఈ మందే చాలడం లేదనుకోని. ఇప్పుడు ఆ పని లేదు. ఇదే మందు, నిండా పోస్తే చాలు.”

నా అబద్ధం రేవతిని తిట్టించడంతో ఆగలేదని నాకు అప్పుడు తెలిసింది. అది బిడ్డ నోటిదాకా వచ్చి నిలబడింది. ఆమె సీసాను రేవతి సంచిలో పెట్టలేదు, నా సంచిలో పెట్టింది. “రేవతికి మీరే చెప్పండి. మీ నోటితో చెప్తేనే ఆ బిడ్డకు నిమ్మళం” అంది. సరేనన్నాను. రెండుసార్లు సరేనన్నాను ఆ రోజు. రెండోది చెయ్యలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రేవతి చెయ్యి పట్టుకుని, “తప్పు నీది కాదమ్మా, మనసులో పెట్టుకోవద్దు” అంది. బస్సులో రేవతి కళ్లు తుడుచుకుంటూ, “ఎంత మంచి మనిషత్తా, నా ధైర్యానికని ఎట్ల చెప్పింది సూడు” అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇంట్లో కొడుకు మాటలు ఆగలేదు. వారం తిరక్కుండానే రేవతి బిడ్డను ఎత్తుకుని కుప్పంలో ఉన్న పుట్టింటికి పోయింది. పదిహేను దినాలు చూసి నేనే తీసుకురావడానికి బయలుదేరాను. దోవ పొడుగునా చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని పోయాను. వాకిట్లో చెప్పులు విప్పానో లేదో, నా వియ్యపురాలు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నాకంటే పెద్దది.

“మా బిడ్డకు తెలివి తక్కువ వదినా. నీ మనవరాలి ప్రాణం మీదికి తెచ్చె. ఏ మొగం పెట్టుకోని నీతో మాట్లాడేది? నువ్వు పెద్ద మనసు చేసుకోని వచ్చినావు, అదే పదివేలు.”

అప్పుడు చెప్పాల్సింది. గుమ్మంలో రేవతి నిలబడి ఉంది, దాని కొంగు పట్టుకుని వర్షిత. నేను ఏమన్నానో తెలుసా? “పిల్లలన్నాక తప్పులు చేస్తారు వదినా, మనమే సర్దుకోవల్ల” అన్నాను. ఆమె లోపలికి పోయి కాఫీ తెచ్చింది. చిక్కటి పాలు, అంచు దాకా పోసింది. నేను తాగాను. ఒక చుక్క మిగల్చకుండా తాగాను.

కొన్నాళ్లకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా డాక్టర్లకు బిడ్డల తల్లిదండ్రులతో ఎట్లా మాట్లాడాలో నేర్పిస్తున్నాము, మీరు వచ్చి నేర్పాలి అంది జుబేదా డాక్టరమ్మ. నాకు నవ్వొచ్చింది. “నేనా? డాక్టర్లకా? నాకు నా కోడలితోనే సరిగ్గా మాట్లాడేకి రాదు.”

“ఆ పిల్లోడు అడిగితే అబద్ధం చెప్పినారు. నేనడిగితే నిజం చెప్పినారు. తేడా ఏందో మీకు తెల్సు, వానికి తెలీదు. అది నేను చెప్తే పాఠం. మీరు చెప్తే తగుల్తాది.”

ఒక శనివారం పోయాను. పెద్ద గది, తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు ఇరవై మంది దాకా. ముందు వరుసలో మాకు కుర్చీలు. నా పక్కన పుంగనూరు నుంచి వచ్చిన బాషా అని దర్జీ. ఆయన కొడుక్కి గుండెలో రంధ్రం ఉంటే ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ బోర్డు మీద ఏమీ రాయలేదు. “కూర్చో. అడుగు. నోరు మూసుకో. ఈ మూడు వస్తే చాలు మీకు” అంది పిల్లలతో. “చెడ్డ మాట ఎప్పుడూ నిలబడి చెప్పొద్దు. నిలబడినోడు పారిపోయేకి తయారుగా ఉంటాడు. ఎదుటోళ్లకు అది తెలిసిపోతాది.”

కార్తీక్‌ను లేపి, ఆనాడు నన్ను అడిగినట్టే మళ్లీ అడగమంది. అతను వచ్చి నిలబడి, అలవాటు కొద్దీ అట్ట చూస్తూ మొదలుపెట్టాడు.

“ఏమప్పా, బిడ్డ ఆ అట్టలో ఉండాదా?” అన్నాను.

గది నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. అప్పుడు తాళాల మాట ఎత్తాను. “ఆ తాళాలు నా ఇంటి బీగాలు నాయనా. బిడ్డ పోతాదనుకోని నా చేతిలో ఉండేదంతా దాని చేతిలో పెట్టినా. నువ్వు బండి అన్నావు.” అతను నన్ను చూశాడు. తర్వాత, “తప్పైపోయింది అవ్వా” అన్నాడు. ఆ పిల్లవాడికి ఇరవై మంది ముందు ఆ ఒక్క మాట అనడానికి నిమిషం పట్టింది. ఇది బాగా గుర్తు పెట్టుకోండి.

బాషా తన వంతు వచ్చినప్పుడు లేచి, చేతులు కట్టుకుని చెప్పాడు. “సార్, మీరు ఆపరేషన్ గురించి చెప్తాంటే నేను తల ఊపినాను. అర్థమాయెనా అంటే ఆయె అన్నాను. నా అట్లాంటోడు తల ఊపితే అర్థమైనట్టు కాదు సార్, భయపడినట్టు. ‘ఇంటికిపోయి మీ ఆడమనిషికి ఏమని చెప్తావు బాషా’ అని ఒక్క మాట అడిగుంటే నాకేమీ తెలీదని మీకు తెలిసిపోయేది.” ఆ మాట పిల్లలందరూ రాసుకున్నారు. నాకు రాసుకునే పని లేదు, అది అట్లాగే నాలో ఉండిపోయింది.

ఆ రోజు నేను సగం మూత సంగతి కూడా చెప్పాను. నేనే పోశాను, నా పిసినారితనం వల్ల పోశాను, కోడలి మీద పెట్టాను, అన్నీ చెప్పాను. ఒక ఆడపిల్ల ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. టీ ఇచ్చారు, బిస్కట్లు ఇచ్చారు. నా వంతు బిస్కట్లు వర్షితకని కొంగులో కట్టుకున్నాను. గుండె బరువు దిగిపోయినట్టు, తేలికగా ఉంది. మెట్లు దిగుతుంటే డాక్టరమ్మ పక్కనే నడుస్తూ అడిగింది.

“రేవతికి చెప్పినారా అమ్మా?”

“లేదమ్మా. చెప్తా.”

“ఊ” అంది. అంతే.

అప్పటినుంచి కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచేది. పోతూనే ఉన్నాను. ఊళ్లో నాకు ‘డాక్టర్ల అవ్వ’ అని పేరు పడింది. నా కథ చెప్పడం నాకు బాగా అలవాటైంది. ఎక్కడ ఆగితే పిల్లలు కళ్లు తుడుచుకుంటారో కూడా తెలిసిపోయింది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే, అక్కడ రేవతి సాయంత్రం మందు పోస్తూ ఉండేది. మూతను కళ్లకెదురుగా పట్టుకునేది. దీపం దగ్గరికి పోయి చూసేది. నా కొడుకు ఇంట్లో ఉంటే, “ఒకతూరి సూడు, సరిగ్గుండాదా?” అని అడిగేది. తర్వాత తర్వాత ఉప్పు వేసినా అడగడం మొదలుపెట్టింది. కుట్టు పని మానేసింది. కొలతలు తప్పుపోతాయేమోనని భయమంట. పది చదివిన పిల్ల, చెయ్యి తిరిగిన పనిమంతురాలు. మందు ఆపేయొచ్చని డాక్టర్లు చెప్పి, బిడ్డ బాగైపోయి ఇన్నేళ్లయినా ఆ పిల్ల తన చేతులను నమ్మలేదు. నేను అదంతా చూస్తూ పెరుగన్నం తిన్నాను.

డాక్టరమ్మ మెట్ల దగ్గర ప్రతిసారీ ఆ ఒక్క ప్రశ్న అడిగేది. “చెప్పినారా?” కోపం లేదు, దెప్పడం లేదు. బిడ్డకు జ్వరం తగ్గిందా అని అడిగినట్టు. నేను ప్రతిసారీ ఒక సాకు చెప్పేదాన్ని. కొడుకు ఇంట్లో లేడు. పండగ ముందు ఎందుకు. కోతలు అయిపోనీ. రెండేళ్లు అడిగింది. ఆ తర్వాత ఒక శనివారం మెట్లు దిగాము, గేటు దాకా వచ్చాము, ఆమె అడగలేదు. “బస్సుకు టైముందా అమ్మా?” అంది. బస్సెక్కి కూర్చున్నాక నాకు తట్టింది. అడిగినన్నాళ్లు నేను చెప్తానని ఆమెకు నమ్మకం ఉన్నట్టే కదా.

ఆమెకు జబ్బు చేసిందని తెలిసి పోయిన ఎండాకాలం వాళ్లింటికి పోయాను. మనిషి సగమైపోయింది. మంచం పక్కన స్టూలు వేసి ఉంది. “కూర్చోండమ్మా” అంది. కూర్చున్నాను. వర్షిత ఎట్లుంది, బడికి పోతోందా అని అడిగింది. బాగుందన్నాను. ఆ తర్వాత నన్ను చూస్తూ ఊరికే ఉండిపోయింది. ఆనాడు ఆసుపత్రిలో కూర్చున్నట్టే, నోరు మూసుకుని. అది నాకు తెలిసిన మౌనమే. నేను దాని గురించి ఎంతమంది పిల్లలకు చెప్పలేదు! అంత తెలిసీ నేను వానల గురించి మాట్లాడాను. చెనక్కాయ పంట ఎండిపోయిందన్నాను. టమాటా ధర పడిపోయిందన్నాను. ఆమె అంతా విని, “పోయి రండమ్మా, ఎండెక్కతాది” అంది. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఇంకా నా వైపే చూస్తోంది. అదే ఆఖరు.

ఇక్కడిదాకా రాసి నిన్న మధ్యాహ్నం పెన్ను కింద పెట్టాను. ఆమె నన్ను మార్చింది అని రాయాలని కూర్చున్నాను. ఏం మార్చింది? ఇరవై మంది ముందు నిజం చెప్పడం నేర్పింది. ఒక్కరి ముందు చెప్పడం నేను నేర్చుకోలేదు. ఈ కాగితాలు అచ్చయి, ఎవరో చదివి రేవతికి చెప్పాల్సిందేనా?

సాయంత్రం రేవతి వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. కూర్చోవాలని తెలుసు. ఎంతమందికో చెప్పిన దాన్ని. కాళ్లు వంగలేదు. నిలబడే, మిరపకాయల వైపు చూస్తూ గబగబా అనేశాను.

“ఆ మందు తప్పు నీది కాదు. పొద్దున పూట నేను సగం మూతే పోసినా. రోజూ.”

రేవతి చేతులు ఆగాయి. “సగమా?”

“సగమే.”

“యాల?”

“మిగులుతాదని.”

కాసేపు మళ్లీ తొడిమలు తీసింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత తల ఎత్తకుండానే అంది, “మా యమ్మ నీ చేతులు పట్టుకోనె. నువ్వు కాఫీ తాగితివి.”

ఆమె చాట తీసుకుని లోపలికి పోయింది.

ఈ పొద్దున రేవతి ఎప్పటిలాగే లేచింది. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లింది. వర్షితకు జడ వేసి బడికి పంపింది. నా కాఫీ గ్లాసు నా పక్కన పెట్టింది. గూట్లోంచి ఆ సీసా తీసి, కసువు గంపలో వేసింది. నేను అడ్డం చెప్పలేదు. తర్వాత ఫోన్ తీసి మదనపల్లెలో టమాటా దించుతున్న నా కొడుక్కు కలిపింది. “మీయమ్మ మాట్లాడల్లంట” అని నా చేతికిచ్చి, అక్కడే నిలబడింది. వాడికి చెప్పాను. అటువైపు లారీల చప్పుడు. “సరేమ్మా” అని పెట్టేశాడు.

రేవతి ఫోన్ తీసుకుని ఇంకో నంబరు కలిపింది. మళ్లీ నాకిచ్చింది. అవతల కుప్పంలో మోగింది, ఎత్తారు. “నేను” అన్నాను.

“ఎవరూ? వదినా? బాగుండావా వదినా?”

నేను పీట లాక్కుని కూర్చున్నాను.